నేల మీంచి లేవడం

మా అత్తగారు మంచం పట్టి రెండు వానాకాలాలు దాని మీదే వెళ్ళదీసింది. నులకమంచానికి నడుమ కన్నం చేసి కింద బకెట్టు పెట్టేవాళ్ళం. ఆవిడకి చేసింది నేనే. తిప్పేదాన్ని, తుడిచేదాన్ని, మడమల మీది పుండ్లకి మందు రాసేదాన్ని. జీవితమంతా చేపలమ్మినదాన్ని కదండీ, కుళ్ళిన చేప వాసన నాకొక లెక్క కాదు. ఆ మంచం వాసన మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఊరికే కూర్చుని ఉన్నప్పుడు ఎక్కడినుంచో వచ్చి ముక్కుకి తగులుతుంది. తగలగానే కాళ్ళు కదిపి చూసుకుంటాను, కదులుతున్నాయా లేదా అని.

ఆవిడ పడింది పెద్ద పడడం కూడా కాదు. నీళ్ళబిందె దించుతూ కాలు జారి కూలబడింది. “కాసేపు నడుం వాలుస్తానే” అంది. ఆ కాసేపు అయ్యాక మళ్ళీ లేవలేదు.

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది.

మాది మొగల్తూరుకి అవతల, సముద్రం వైపు పల్లె. మగవాళ్ళు వేటకి వెళితే మేం చేపలమ్ముతాం, మిగిలినవి ఇసుక మీద ఎండేస్తాం. నేను గంప నెత్తిన పెట్టుకుని నరసాపురం వీధులన్నీ తిరిగాను. ఒంట్లో బాగుండడం అనేదాన్ని మేం విడిగా ఎప్పుడూ అనుకోలేదు. తెల్లారితే గంప ఉంది, గంప కింద మెడ ఉంది, మెడ కింద కాళ్ళున్నాయి. నడుస్తున్నాం కాబట్టి బాగున్నట్టే.

గంప సంగతి ఒకటి చెప్పాలి. నిండు గంపని ఎవరికి వారు తలకెత్తుకోలేరు. రెండో మనిషి ఉండాలి. ఎదురుగా నిలబడి, ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని, మోకాళ్ళు వంచి, ఒకేసారి ఊపిరి బిగబట్టి లేపాలి. అందుకని “గంపెత్తాలి, ఓ చెయ్యెయ్యండి” అని ఎవరైనా కేకేస్తే, ఆ దారిన పోయే మనిషి ఆగి చెయ్యెయ్యాల్సిందే. చుట్టమా, పగవాడా అని చూడ్డం లేదు. చెయ్యేసినవాళ్ళు గంపలో ఏముందని అడగరు. ఆ మాట తర్వాత ఇంకెక్కడా ఎత్తరు. ఒకసారి నరసాపురం బస్టాండులో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఉద్యోగి చేత ఎత్తించాను. చేపనీళ్ళు చొక్కా ముందంతా కారిపోయాయి. పాపం, “పర్వాలేదండి, పర్వాలేదండి” అంటూనే బస్సెక్కేశాడు. ఆ బస్సులో ఆయన పక్కన ఎవరు కూర్చున్నారో ఏమో.

మా ఆయన పోయాక కూడా గంప మానలేదు. మానిపించింది స్నానాలగది.

కొడుకు రొయ్యల చెరువు మీద పనిచేస్తాడు. కోడలు రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీకి వ్యానులో వెళ్ళొస్తుంది. ఇద్దరూ ముచ్చటపడి ఇంటికి కొత్త స్నానాలగది కట్టించారు, నేలంతా టైల్సు. మొహం చూసుకోవచ్చు. పడవ అంచు మీద నడిచినదాన్ని, పాకుడు పట్టిన రేవు మెట్లు నిండు గంపతో దిగినదాన్ని, ఆ టైల్సు మీద ఇంత సబ్బు నీళ్ళకి దబ్బున పడ్డాను.

నరసాపురం తీసుకెళ్ళారు. ఫొటో తీశారు. డాక్టరమ్మ ఆ ఫిలిం వెలుతురుకి పెట్టి చూసి, “ఎముక విరగలేదు మామ్మగారూ” అంది. “నొప్పి తగ్గాక కూర్చుండిపోకండి. నడవండి. నేల మీద కూర్చోండి, లేవండి. వాడకపోతే కాళ్ళు మాట వినడం మానేస్తాయి.” ఆ తర్వాత నా కొడుకు వైపు తిరిగి, “ఈ వయసులో మళ్ళీ పడితే మాత్రం కష్టమండి, జాగ్రత్త” అంది.

ఆవిడ చెప్పిన రెండు మాటల్లో నా కొడుకు రెండోదే ఇంటికి తెచ్చాడు. నేనూ దాన్నే తెచ్చుకున్నాను.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. దాని మీద దుప్పటి మడత, వీపుకి దిండు, పక్కన చేతికర్ర.

“అమా, ఇందులోంచి దిగావంటే నా మీద ఒట్టే” అన్నాడు కొడుకు.

“మరి బాత్రూముకో?”

“మీ కోడలున్నప్పుడు ఎల్లు.”

“అది ఫ్యాక్టరీకి పోయాకో? దానికి ఫోన్ చేసి, ‘ఓసేయ్, నాకొస్తంది, వ్యానెక్కి రావే’ అననా?”

కోడలు కిసుక్కున నవ్వింది. వాడు నవ్వలేదు. మర్నాడు నడుమ కన్నమున్న కుర్చీ ఒకటి తెచ్చి గదిలో మూల పెట్టాడు. ప్రేమతోనే తెచ్చాడు. దాన్ని చూడగానే నాకు మా అత్తగారి నులకమంచం కనబడింది.

మొదట్లో కుర్చీ బాగానే ఉందండీ. ఎవరో ఒకరు టీ చేతికిచ్చేవారు. అన్నం కంచంతో సహా వచ్చేది. పుట్టాక నాకు అలా ఎప్పుడూ జరగలేదు. పెళ్ళినాడు కూడా కొబ్బరి చిప్పలు నేనే ఎత్తి పెట్టాను. కానీ కూర్చున్నకొద్దీ కూర్చోవాలనిపించింది. లేవాలంటే గుండె దడ. రెండడుగులు వేస్తే నేల అంతా టైల్సులాగే కనిపించేది. సిమెంటు గచ్చు కూడా మెరుస్తున్నట్టుండేది. గుమ్మం దాటాలంటే అటు ఇటు పట్టుకుని, కాలితో ముందు నేలని తడిమి, అప్పుడు దాటేదాన్ని. తర్వాత్తర్వాత దాటడమే మానేశాను.

చేప మంచిదో కాదో మేం బొటనవేలితో నొక్కి చూస్తాం. నొక్కిన గుంట టక్కున పైకి వస్తే తాజా చేప. గుంట అలాగే ఉండిపోతే నిలవది, కొనకూడదు. ఒకనాడు కాలు బరువుగా ఉంటే చీలమండ పైన నొక్కాను. అలవాటు చొప్పున నొక్కాను, అంతే. బొటనవేలు తీసినా గుంట అలాగే ఉంది. చూస్తూ కూర్చున్నాను. అది పూడడానికి చాలాసేపు పట్టింది. చీర కిందకి లాగి కాళ్ళు కప్పేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈసారి కుర్చీ కూడా తీసేసి మంచం వేస్తారు.

మా ఎదురింటి ఆవిడ నాకు వరసకి వదిన. ఒక్కతే ఉంటుంది. ఆవిడకీ నాకూ మాటల్లేవు. ఇసుక మీద నేను చేపలెండేసే చోటులోకి ఆవిడ వల జరిగిందని నేను, నా చేపలే ఆవిడ చోటులోకి జరిగాయని ఆవిడ, జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ చోటుని తర్వాత సముద్రం కోసేసింది. ఇప్పుడక్కడ అలలే ఉన్నాయి. పోట్లాట మాత్రం గట్టు మీద మిగిలింది.

మాటల్లేవన్నాను గానీ నోరు మూసుకుని ఎవరుంటారండీ. రెండిళ్ళకీ తిరిగే పిల్లి ఒకటుంది. దానితో చెప్పుకునేవాళ్ళం.

“ఓసి పిల్లీ, కొంతమంది రాణీగార్లలాగ కుర్చీల్లో కూర్చుంటారే. నీకూ నాకూ ఆ రాత లేదే” అనేది ఆవిడ, వాకిలి ఊడుస్తూ.

“ఓసి పిల్లీ, ఎదుటోళ్ళ గుమ్మంలోకి చూసే కళ్ళకి పొరలొస్తాయటే” అనేదాన్ని నేను.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే నా కొడుకు కొయ్యింగ చేపలు నాలుగు తెచ్చి గిన్నెతో ఫ్రిజ్‌లో పెట్టాడు. “సాయంత్రం మీ కోడలొచ్చి బాగుచేస్తది. నువ్వు ముట్టుకోకు” అని బండెక్కి వెళ్ళిపోయాడు. కోడలు అప్పటికే వ్యానెక్కేసింది. నేనూ, పిల్లీ మిగిలాం.

మొప్పలు ఇంకా ఎర్రగా ఉన్న చేపని సాయంత్రం దాకా ఫ్రిజ్‌లో పెట్టుకుంటారా ఎవరైనా? ఎంతసేపు ఓర్చుకున్నానో చెప్పలేను. చివరికి గోడ పట్టుకుంటూ వెళ్ళి గిన్నె తీశాను. వంటింటి వెనక వరండాలో కత్తిపీట వాల్చాను. చేతికర్ర పక్కన, ఫోను అక్కడున్న ఇంకో కుర్చీ మీద పెట్టి, కిటికీ ఊచ పట్టుకుని, మెల్లిగా దిగి కూర్చున్నాను. దిగడం ఏమీ కష్టం కాలేదు. మోసం అక్కడే ఉంది.

చేతులు ఏమీ మర్చిపోలేదు. పొలుసు తీశాను, మొప్పలు లాగాను, బూడిద వేసి బండ మీద రుద్దాను. నల్లటి పొర పోయి చేప తెల్లగా మెరిసింది. ఎన్ని రోజులకో నా వేళ్ళకి చేప వాసన వచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

లేవబోయాను.

కుడికాలు మడిచి, ఎడమచెయ్యి నేల మీద ఆనించి, జీవితమంతా ఎలా లేచానో అలాగే లేవబోయాను. ఒళ్ళు కాస్త పైకి వచ్చి ఆగిపోయింది. తొడలు గజగజా వణికాయి. మళ్ళీ కూలబడ్డాను. కంగారు పడకూడదనుకున్నాను. కాసేపాగి ఊచ పట్టుకున్నాను. చేతుల నిండా చేప జిగురు, పట్టు జారిపోయింది. కుర్చీ కాలు అందితే పట్టుకుని లాగాను. నా బరువు ఆనేసరికి అది వెనక్కి లేచి నా మీదే పడింది. దాని మీదున్న ఫోను కింద పడి, చెయ్యి అందనంత దూరం జారిపోయింది. కత్తిపీట నా మోకాలి పక్కనే నోరు పైకి పెట్టుకుని ఉంది.

ముందు దాన్ని మడమతో తోశాను. ఒక్కొక్క బెత్తెడు జరుగుతుంటే గచ్చు మీద గీసుకుంటూ కిర్రుమంది. కాలు తెగుతుందేమోనని కళ్ళు మూసుకునే తోశాను.

ఫోను మోగింది. భోజనాల వేళ నా కొడుకు చేస్తాడు, తిన్నావా అని. మోగి మోగి ఆగిపోయింది. తియ్యకపోతే నిద్రపోతున్నాననుకుంటాడో, బండెక్కి ఆ గట్ల మీద రయ్యిమని వచ్చేస్తాడో. ఆ గట్ల మీద ఒకవైపు చెరువు, ఒకవైపు కాలవ. వాడు రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టాను. ఎవరో ఒకరు రావాలని కూడా అదే దణ్ణంలో పెట్టాను.

అరవొచ్చు. అరిస్తే పల్లె పల్లంతా వస్తుంది. నలుగురు మగవాళ్ళు కాళ్ళూ చేతులూ పట్టుకుని ఎత్తి తీసుకెళ్ళి మంచం మీద పెడతారు. సాయంత్రానికల్లా కుళాయి దగ్గర “ఫలానా ఆవిడ మంచం పట్టేసిందంట” అని అనుకుంటారు. మా అత్తగారినీ అలాగే ఎత్తి పెట్టారు. పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒకసారి పడుకోబెట్టాక లేపేవాళ్ళెవరూ ఉండరు. అందరూ “వద్దులే, పడుకో” అనేవాళ్ళే. అరవలేకపోయాను.

ఎండ వరండా సగం దాకా వచ్చింది. చేపలకి ఈగలు ముసిరాయి. పిల్లి వచ్చి కాస్త దూరంలో కూర్చుని నా చేతి వంక చూసింది. నేను లేవలేనని దానికి తెలిసిపోయింది. నా ఎదురుగానే ఒక చేప నోట కరుచుకుని, పరిగెత్తకుండా, నడుచుకుంటూ వెళ్ళింది. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుపుతో పాటు చీర తడిసిపోయింది.

ఇక్కడ కోడలు రాయడం ఆపింది.

“ఆ రోజు వరండా అంతా కడిగి ఉంటే, పిల్లి చేపనీళ్ళు ఒలకబోసిందన్నావు కదత్తా?”

“రాయవే, చెబుతున్నాను కదా.”

తడిసిన చీరలో కూర్చున్నాను. మంచం వాసన ముక్కు నిండా వచ్చింది. ఈసారి ఎక్కడినుంచో రాలేదు, నా ఒంట్లోంచే వచ్చింది. ఇంక అయిపోయిందనుకున్నాను.

అప్పుడే ఎదురింటి వాకిట్లో చీపురు చప్పుడు వినబడింది. వదిన. ఊళ్ళో ఇంకెవరైనా ఫర్వాలేదు, ఆవిడ చూడకూడదు. కానీ ఆవిడ ఊడ్చడం అయిపోతే లోపలికి పోతుంది, మళ్ళీ పొద్దువాలేదాకా బయటికి రాదు. చీపురు చప్పుడు వాకిలి చివరిదాకా వచ్చేసింది. నేను పడిపోయాననే మాట నా నోటికి రాదు. ఏం చెయ్యను? ఏమీ ఆలోచించకుండానే, బస్టాండులో కేకేసినట్టు కేకేశాను.

“గంపెత్తాలమ్మా! ఓ చెయ్యెయ్యండి!”

చీపురు ఆగింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. రాదనుకున్నాను. తర్వాత చీపురు నేల మీద పడేసిన చప్పుడు, చెప్పుల చప్పుడు, మా పక్కసందులోంచి వచ్చే అడుగులు.

వచ్చి నిలబడింది. బోర్లాపడిన కుర్చీ చూసింది, కత్తిపీట చూసింది, నన్ను చూసింది. గంపేదని అడగలేదు. ఏమైందని అడగలేదు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఎదురుగా వచ్చి, మోకాళ్ళు వంచి, రెండు చేతులూ నా చంకల కిందకి పోనిచ్చింది. గంప అంచు పట్టుకున్నట్టే పట్టుకుంది.

“ఊపిరి బిగబట్టు. ఊఁ!”

లేవలేదు. ఆవిడ మోకాలు టప్పుమంది. ఇద్దరం అటూ ఇటూ ఊగాం. మళ్ళీ కూలబడ్డాను, నా ఒళ్ళో ఆవిడ.

“ఏం తింటన్నావొదినా ఆ కుర్చీలో కూచుని? రాళ్ళా?” అంది ఆయాసపడుతూ.

ఎన్నో ఏళ్ళ తర్వాత పిల్లితో కాకుండా నాతో అన్న మొదటి మాట అది.

“నువ్వూ కిందే ఉండిపోతే మనిద్దర్నీ ఎత్తడానికి క్రేన్ తెప్పించాలే” అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

“నోరు మూసి కాలు మడువు. ఆ కాలు కాదు, ఇది. గంపకి ముందు మోకాలేస్తాం కదా? నీకూ అంతే. మోకాలు మీదకి రా ముందు.”

బోర్లా తిరిగి, నాలుగు కాళ్ళ మీద వంగి, ఒక మోకాలు నిలబెట్టాను. ఆవిడ భుజం మీద చెయ్యేశాను. ఊఁ అంది. ఊఁ అన్నాను. లేచాను. నేల కిందకి వెళ్ళిపోతున్నట్టు కళ్ళు తిరిగాయి. ఆవిడ మెడ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

నా చీర తడిని ఆవిడ చూసింది. చూడనట్టు బకెట్టెత్తి వరండా అంతా నీళ్ళు కొట్టేసింది. చేపనీళ్ళూ, బూడిదా, నా తడీ కలిసి తూములోకి పోయాయి. గోడ మీద మూతి నాక్కుంటున్న పిల్లి వైపు తిరిగి, “ఓసి పిల్లీ! చేపనీళ్ళన్నీ ఒలకబోశావేమే! చీరంతా పాడుచేశావు పాపం ఆవిడకి!” అని గట్టిగా, సందులోకి కూడా వినబడేలా తిట్టింది.

చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. కోడలు సాయంత్రం వచ్చి అడిగితే నేనూ ఆ మాటే చెప్పాను. ఫోనెందుకు తియ్యలేదని కొడుకు అడిగితే నిద్రపోయానన్నాను.

రాత్రి నిద్రపట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. ఈసారి లేచాను, మళ్ళీసారి? ఆవిడ ఊళ్ళో లేకపోతే? డాక్టరమ్మ మొదటి మాట అప్పుడు గుర్తొచ్చింది. కాళ్ళు మాట వినడం మానేస్తాయని ఆవిడ ముందే చెప్పింది. గుర్తొచ్చి భయం తగ్గలేదు, పెరిగింది. పడతానని భయపడి కూర్చున్నాను. కూర్చోవడం వల్లే లేవలేకపోయాను. ఎటు జరిగినా మంచమే కనబడింది.

మర్నాడు వాళ్ళిద్దరూ పనికి వెళ్ళగానే వదిన వచ్చింది. నెత్తళ్ళు, అవే వేలెడంత చేపలు, ఎండినవి, చేటనిండా తెచ్చుకుంది. మా వరండా గచ్చు మీద చతికిలబడి, నా వైపు చూడకుండా ఏరడం మొదలెట్టింది.

“ఓసి పిల్లీ, ఇన్ని చేపలు ఒక్కదాన్నే ఎంతసేపని ఏరనే? కుర్చీలోవాళ్ళు చూస్తూ కూచుంటారు కాబోలు.”

“ఓసి పిల్లీ, కిందకి దిగితే మళ్ళీ లేవాలి కదే” అన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టింది. “నేనున్నాను కదొదినా” అంది, ఈసారి నాతోనే.

దిగాను. ఎంత భయపడ్డానంటే, ఏరుతున్నంతసేపూ చేపలు కనబడలేదు, లేవడమే కనబడింది. లేచేటప్పుడు ఆవిడ చెయ్యేసింది. ఆ మర్నాడూ అంతే. చేతులతో పాటు నోళ్ళూ పనిచేశాయి. ఒకరోజు ఆవిడే చెప్పింది.

“నీ కేక విని ఎందుకాగిపోయానో తెలుసా? నేనూ పడ్డాను, మొన్న వానల్లో, నూతి గట్టు కాడ. కేకెయ్యడానికి మొహం చెల్లక, మోచేతుల మీద పాక్కుంటా ఇంట్లోకెల్లాను. గడప పట్టుకుని ఎలా లేచానో నాకే తెలీదు.”

“ఎవరికీ చెప్పలేదా?”

“చెబితే మా అమ్మాయి వచ్చి, ఇల్లు తాళమేసి, నన్ను తణుకు అట్టుకుపోయి, మూడో అంతస్తులో కూచోబెట్టదూ? అక్కడ నాకు మాట్టాడ్డానికి పిల్లి కూడా లేదు.” ఒక చేప విసిరేసి, “నీ కోసం రావట్లేదొదినా నేను. నన్ను చూసుకుంటే నాకు భయమేసి వత్తన్నాను” అంది.

ఆ మాట విన్నాక నాకు కొంచెం ఊపిరాడింది. భయం నా ఒక్కదానికే అనుకుంటే అది ఇంటినిండా ఉంటుంది.

ఏరడం అయ్యాక సముద్రం వైపు నడిచేవాళ్ళం. మొదట మా సందు మలుపు దాకానే. తర్వాత కుళాయి దాకా, ఆ తర్వాత ఇసుక దాకా. ఇసుకలో పడితే దెబ్బ తగలదులే అని ఆవిడ ధైర్యం చెప్పేది. ఇసుకలో కాలు దిగబడి రాక నేను పెట్టిన కేకలకి వలలు బాగుచేసుకునేవాళ్ళు తలెత్తి చూసేవారు. “ఏంటత్తా, గంప లేకుండా వచ్చావు?” అని ఒకడు. “నెత్తిన బరువు లేకపోతే ఒళ్ళు తూలతందిరా, నువ్వొచ్చి కూచో” అన్నాను. అది వేళాకోళం కాదు. గంప కింద నా నడక నిటారుగా ఉండేది. ఖాళీ తలతో ఎలా నడవాలో నాకు కొత్తగా నేర్చుకోవాల్సొచ్చింది.

కొడుక్కి ఇదంతా తెలియదు. సాయంత్రం వాడొచ్చేసరికి కుర్చీలో ఉండేదాన్ని. వాడికి తెలిస్తే వదినని గుమ్మం తొక్కనివ్వడు. అదొక భయం.

ఒకరోజు మధ్యాహ్నం చెరువులో మోటారు పాడయి వాడు ముందే వచ్చేశాడు. నేను నేల మీద ఉన్నాను. చేట ఒక పక్కన, వదిన ఒక పక్కన. బండి ఆపిన చప్పుడు కూడా వినలేదు మేము.

“అమా! పడిపోయావా?” హెల్మెట్ ఎక్కడో పడేసి పరిగెత్తుకొచ్చాడు. చేతులు చాపేశాడు. “అత్తా, చూస్తా కూచున్నావేంటి? పట్టు, పట్టు, మంచం మీదకి...”

వాడి చేతులు నా భుజాల దాకా వచ్చేశాయి. చిన్నప్పుడు నేనెత్తుకు తిప్పినవాడి చేతులు. ఎత్తితే ఎత్తేస్తారు. అంత బలముంది.

“ముట్టుకోకురా” అన్నాను.

“అమా, ఆటలా?”

వదిన వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. “ఆగరా. చేపలోళ్ళ కడుపున పుట్టావు, ఆ మాత్రం తెలీదా? గంప ఆవిడిది. ఆవిడ అడిగితేనే చెయ్యెయ్యాలి. ఆవిడ అడిగిందా?”

వాడు ఆగిపోయాడు. వాడి మొహం పాలిపోయి ఉంది. వాడికీ భయమేనని అంతవరకూ నాకు తోచలేదు. వాళ్ళ నాన్న పోయింది ఇంట్లో ఎవరూ లేనప్పుడు.

అంతవరకూ వదిన చెయ్యి లేకుండా నేనొక్కసారి కూడా లేవలేదు. ఆ పూట వాడి ముందు లేవాలి. లేవలేకపోతే వాడు ఎత్తుతాడు. ఎత్తితే ఇంతే సంగతులు. చేట జరిపాను. బోర్లా తిరిగి నాలుగు కాళ్ళ మీద వంగాను. కన్నకొడుకు ముందు అలా వంగడానికి సిగ్గేసింది. ఒక మోకాలు నిలబెట్టి, దాని మీద రెండు చేతులూ పెట్టాను. తొడ వణికింది. వాడి చేతులు గాల్లో అలాగే ఉన్నాయి, నాకు తగలకుండా. వదిన “ఊఁ” అని మాత్రం అంది.

లేచాను. సగంలో ఒకసారి పక్కకి తూలాను, వాడు “అమా” అన్నాడు, నేను ఆగి, ఊపిరి బిగబట్టి, మిగతా సగం లేచాను. గోడకి ఆనుకుని నిలబడ్డాక కాళ్ళలోంచి సత్తువ అంతా జారిపోతున్నట్టనిపించింది, కానీ నిలబడే ఉన్నాను.

హెల్మెట్ వెతుక్కున్నాడు. “ఇంకోసారి చెయ్యి” అన్నాడు.

“ఎందుకురా?”

“చూత్తాను. భయం తగ్గుద్దేమో.”

“నీకా, నాకా?” అన్నాను.

ఆ వారంలో స్నానాలగది గోడకి ఇనుప పిడి బిగించాడు, టైల్సు మీద గరుకు పట్టా పరిచాడు. కన్నపు కుర్చీ మాత్రం పారెయ్యలేదు, అటక మీద పెట్టాడు. నేనూ పారెయ్యమనలేదు.

అంతా బాగైపోయిందని చెప్పలేను. పొద్దున్న లేవగానే చీలమండ మీద బొటనవేలు నొక్కి చూసుకుంటాను. గుంట ఒక్కోరోజు టక్కున వస్తుంది, ఒక్కోరోజు నిదానంగా వస్తుంది. నిదానంగా వచ్చిన రోజు ఎక్కువ నడుస్తాను. రోజూ చేతికర్రతో ఇసుక దాకా వెళ్ళొస్తున్నాను. కింద కూర్చుని చేపలు బాగుచేస్తున్నాను. కూర్చునే ముందు మాత్రం ఎదురింటి తలుపు తీసుందో లేదో చూసుకుంటాను.

మొన్న ఒకరోజు తీసి లేదు. మధ్యాహ్నం కావస్తున్నా వాకిలి ఊడ్చలేదు. పిల్లి మా గుమ్మంలోనే అరుస్తోంది. కర్ర మర్చిపోయాను, చెప్పులు మర్చిపోయాను, సందు దాటి ఎలా వెళ్ళానో తెలీదు. తాళం వేసుందని కూడా చూసుకోకుండా తలుపు బాదాను. “వదినా! గంపెత్తాలా?” అని కేకేశాను. లోపల్నుంచి పలుకు లేదు. కిటికీలోంచి చూస్తే నూతి గట్టు కనబడదు. గోడ పట్టుకుని వెనక్కి వెళ్ళబోతుంటే ఆటో ఆగింది. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని దిగింది మహాతల్లి. నరసాపురంలో కంటి పొరలు తీస్తున్నారని తెల్లవారుజామునే వెళ్ళిందట. చెప్పాపెట్టకుండా.

“పొరలొత్తాయని శాపం పెట్టావు కదొదినా, వచ్చాయి” అంది. నా కాళ్ళ వంక చూసింది. “చెప్పుల్లేవేంటి? చచ్చిపోయాననుకున్నావా?”

“నన్నెవరు లేపుతారా అనుకున్నాను” అన్నాను.

తాళం తీసి, గడప మీద కూర్చుని, పక్కన చెయ్యి పెట్టి చూపించింది. “కూచో. ఇప్పుడు లేచేటప్పుడు నాకొక కన్నే ఉంది, నువ్వే చూసుకోవాలి ఇద్దర్నీ.”

కూర్చున్నాను. పిల్లి వచ్చి ఇద్దరి మధ్యా దూరింది. గడప ఎత్తు తక్కువ, లేవడం కష్టం. ఆవిడ ఆటోవాణ్ణి తిడుతూ ఏదో చెబుతోంది. నేను ఊఁ కొడుతూ, చీర కింద కుడికాలు మడిచి, మోకాలు ఎక్కడ ఆనించాలో ముందే చూసి పెట్టుకుంటున్నాను.